లంకమలలో ఫోన్ చేతులెత్తేసింది, చేతి జీపీఎస్ ఏది కొనమంటారు?

లంకమల_బాటసారి (కడప), ఆదివారం రాత్రి 9.40

అందరికీ నమస్కారం. పోయిన నెల ఆఖర్లో పర్మిషన్ తీసుకుని నలుగురం లంకమలకు పక్షులు చూడ్డానికి పోయినాం. సిద్దవటం వైపు నుంచి ఎక్కినాం. పొద్దున పదకొండుకే నా ఫోన్ బాగా వేడెక్కిందని స్క్రీన్ మీద ఒక ముక్క చూపించి ఆరిపోయింది. దారి గుర్తులన్నీ అందులోనే ఉన్నాయి. మిగతా ముగ్గురి ఫోన్లలో ఆఫ్‌లైన్ మ్యాప్ లేదు, సిగ్నల్ ఎటూ లేదు. చివరికి ఒక వంక పట్టుకుని దిగి, బండి పెట్టిన చోటికి నాలుగు కిలోమీటర్ల అవతల రోడ్డెక్కినాం. అప్పటికి నీళ్లు అయిపోయి గంటన్నర. ఇంట్లో ఇంకా పూర్తిగా చెప్పలేదు.

అందుకే చేత్తో పట్టుకునే జీపీఎస్ ఒకటి కొందామని. బడ్జెట్ ఇరవై ఐదు వేలు. రోజుకు ఏడెనిమిది గంటల నడక, అప్పుడప్పుడు రెండు రాత్రుల మకాం. యూట్యూబ్‌లో చూస్తే అన్నీ మంచు కొండలు, చేతికి గ్లవుజులు. మన ఎండలో, మన ముళ్లకంపల్లో ఏది నిలబడుతుందో వాడినవాళ్లు చెప్పండి.

ఇంకో మాట. ఈ సంగతి చెవిన పడి మా మామ "దాంతో మన చేను గట్టు కూడా కొలుస్తావా అబ్బీ" అని అడిగినాడు. కొలవొచ్చా?

పెన్నఒడ్డు (జమ్మలమడుగు), రాత్రి 9.58

ఎండలో స్క్రీన్ ఆన్‌లో పెట్టి చేత్తో పట్టుకుని నడిచుంటావు. ఏ ఫోనైనా ఆరిపోతుంది. ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఓస్మ్‌యాండ్ గానీ ఆర్గానిక్ మ్యాప్స్ గానీ యాప్ వేసుకుని, ముందే మన జిల్లా మ్యాప్ దించుకుని, ట్రాక్ నడుస్తుండగా స్క్రీన్ ఆపేసి సంచి పైజేబులో పెట్టు. జీపీఎస్‌కు సిమ్ అక్కర్లేదు, నెట్ అక్కర్లేదు. ఇప్పుడు మధ్యరకం ఫోన్లలో కూడా రెండు ఫ్రీక్వెన్సీల జీపీఎస్ వస్తోంది, మన దేశపు ఉపగ్రహాల నావిక్ కూడా పట్టుకుంటున్నాయి. ఒక పవర్ బ్యాంక్ కొను, మిగిలిన ఇరవై మూడు వేలతో మంచి బైనాక్యులర్ వస్తుంది.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు), రాత్రి 10.05

ఇరవై ఐదు వేలకు గొర్రెల కాపరిని తోడు తీసుకుపోతే మూడు నెలలు దారి చూపిస్తాడు. పైగా సాయంత్రం రాగిసంగటి చేసి పెడతాడు.

రాళ్ల_మాస్టారు (అనంతపురం), రాత్రి 10.47

బురుజు చెప్పింది తమాషాగా ఉన్నా అందులో సగం నిజం. సరే, అసలు విషయానికి వస్తాను.

తమ్ముడూ, నేను ముప్పై ఏళ్లు రాళ్లు కొట్టుకుంటూ ఈ నాలుగు జిల్లాలూ తిరిగినవాణ్ణి. 2000 మే నెలకు ముందు జీపీఎస్ వాడినవాళ్లలో ఒకణ్ణి. అప్పట్లో అమెరికా వాళ్లు కావాలనే సిగ్నల్లో తప్పు కలిపేవాళ్లు, వంద మీటర్లు అటో ఇటో చూపేది. ఆ తప్పు తీసేశాక పరిస్థితి మారిపోయింది. ఇవాళ ఏ పరికరం కొన్నా ఆకాశం బాగా కనపడే చోట 3 నుంచి 5 మీటర్లలో చూపిస్తుంది. కాబట్టి ఏది ఎక్కువ కరెక్టు అన్న ప్రశ్న పక్కన పెట్టు. అంగట్లో అందరూ అదే అడుగుతారు, అమ్మేవాడు కూడా దాని మీదే ఉపన్యాసం ఇస్తాడు. నువ్వు అడగాల్సింది వేరు. మిట్టమధ్యాహ్నం స్క్రీన్ కనిపిస్తుందా? చెమట చేతులతో పని చేస్తుందా? సెల్లు అయిపోతే ఊరి అంగట్లో దొరికేవి వేసుకోవచ్చా?

పెన్నఒడ్డు అన్నది తప్పు కాదు. ఫోన్ రిసీవర్ బాగానే ఉంటుంది. తేడా అంతా స్క్రీన్‌లో, బ్యాటరీలో ఉంది. ఐఫోన్ తయారుచేసిన వాళ్లే 35 డిగ్రీల లోపు వాడమని రాసుకున్నారు. మనకు మార్చి నెల మధ్యాహ్నానికే అది దాటుతుంది. ఫోన్ తెర లోపలి నుంచి వెలుగుతుంది, ఎండతో పోటీ పడడానికి వెలుగు పెంచుకుంటుంది, దాంతో ఇంకా వేడెక్కుతుంది. చేతి జీపీఎస్ తెర బయటి ఎండనే వెనక్కి కొట్టి చూపిస్తుంది. ఎండ పెరిగేకొద్దీ ఇంకా బాగా కనపడుతుంది. గదిలో చూస్తే మాత్రం పాత కాలిక్యులేటర్‌లా డల్‌గా ఉంటుంది. అది చూసి చాలామంది షాపులోనే వద్దనుకుంటారు.

మోడళ్ల సంగతి. నీ బడ్జెట్‌లో గార్మిన్ ఈట్రెక్స్ కుటుంబమే చూడు. ఈట్రెక్స్ ఎస్ఈ 2023లో వచ్చింది. రెండు పెన్సిల్ సెల్లతో మామూలు మోడ్‌లో 168 గంటలు నడుస్తుందని కంపెనీ లెక్క. కానీ నలుపు తెలుపు తెర, మ్యాప్ ఉండదు. పాయింట్లు, నడిచిన గీత, దిక్సూచి, అంతే. ఈట్రెక్స్ 22ఎక్స్‌కు రంగుల తెర, మ్యాప్ వేసుకోవచ్చు, మెమరీ కార్డు పడుతుంది, అవే రెండు సెల్లతో 25 గంటలు. 32ఎక్స్ అంటే అదే పరికరానికి గాలి ఒత్తిడితో ఎత్తు చెప్పే సెన్సర్, అయస్కాంత దిక్సూచి కలిపారు. ఈ దిక్సూచి చిన్న విషయం కాదు. 22ఎక్స్‌లో నువ్వు నిలబడిపోతే బాణం ఎటు చూపించాలో దానికి తెలియదు. నాలుగడుగులు వేస్తే గానీ తెలుసుకోదు. దారి తప్పినవాడు ముందు చేసే పని నిలబడడం కదా. 22ఎక్స్ కొంటే వంద రూపాయల దిక్సూచి ఒకటి మెడలో వేసుకో.

జీపీఎస్‌మ్యాప్ 65ఎస్ ఉంది. అది ఎల్1, ఎల్5 అనే రెండు ఫ్రీక్వెన్సీలూ పట్టుకుంటుంది. లోయల్లో దానిదే పైచేయి, కానీ నీ బడ్జెట్ దాటిపోతుంది.

చిత్రావతి (ధర్మవరం), సోమవారం ఉదయం 6.15

మాస్టారూ, టచ్ స్క్రీన్ గురించి ఒక మాట కలుపుతాను. నేను మొక్కల సర్వేకు తిరుగుతాను. నా మొదటి పరికరం టచ్‌ది, కంపెనీ పేరు ఎందుకు లెండి. చెమట చుక్క పడితే అదే పాయింట్లు పెట్టేసేది. ఒకసారి ఇంటికొచ్చి చూస్తే ఒకే చెట్టు కింద పదిహేడు పాయింట్లు. బటన్లదే కొనండి. పైన రబ్బరు పట్టీ ఉండే రకమైతే కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో వదలకండి, జిగురు వదిలేస్తుంది. నాది అలాగే ఊడిపోయింది, ఇప్పుడు సైకిల్ ట్యూబ్ ముక్కతో కట్టి వాడుతున్నా. దుక్కలా ఉంది.

పెన్నఒడ్డు (జమ్మలమడుగు), ఉదయం 7.30

అక్కా, సైకిల్ ట్యూబ్ ఐడియా బాగుంది. నాదొక డౌటు. కడపకు వస్తే నా ఫోన్ యాప్ ఎత్తు 50 మీటర్లు అంటుంది. పుస్తకాల్లో 138 అని ఉంది. ఏది నిజం? ఇంత తప్పు చూపేదాన్ని నమ్మమంటున్నానా నేను?

రాళ్ల_మాస్టారు (అనంతపురం), ఉదయం 8.10

రెండూ నిజమే. ఉపగ్రహాలు కొలిచేది లెక్క కోసం ఊహించుకున్న ఒక నున్నటి గుడ్డు ఆకారం మీద నుంచి. మనం చెప్పుకునే ఎత్తు సముద్రమట్టం నుంచి. ఈ రెండూ అన్నిచోట్లా కలవవు. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో భూమి ఆకర్షణ బలం తక్కువ. అక్కడ సముద్రమట్టం ఆ గుడ్డు ఆకారానికి 106 మీటర్లు కిందికి దిగిపోయి ఉంటుంది, భూమి మొత్తం మీద అదే లోతైన గుంట. ఆ గుంట అంచు మన దాకా ఉంది. మన దగ్గర తేడా 80 నుంచి 90 మీటర్లు. కొన్ని ఫోన్ యాప్‌లు ఆ సవరణ చేయకుండా పచ్చి అంకె చూపిస్తాయి. 50కి 88 కలిపి చూడు. చేతి జీపీఎస్‌లు ఆ సవరణ చేసే చూపిస్తాయి.

పెన్నఒడ్డు (జమ్మలమడుగు), ఉదయం 8.14

ఇన్నాళ్లూ ఫోన్‌ను తిట్టుకున్నా.

గొలుసు_సర్వేయర్ (నంద్యాల), ఉదయం 9.05

చేను గట్టు ప్రశ్న దగ్గర ఆగి రాస్తున్నాను, ఎందుకంటే వారానికి ఒకరైనా నన్ను ఇదే అడుగుతారు. కొలవకూడదు. లెక్క చూడండి. ఎకరం చదరంగా ఉందనుకుంటే ఒక్కో పక్క దాదాపు 63.6 మీటర్లు. ఒక్క పక్క 3 మీటర్లు జరిగితే 190 చదరపు మీటర్లు, అంటే దాదాపు 4.7 సెంట్లు. ఆ పరికరం మామూలుగా చూపే తప్పే 3 మీటర్లు. మన సీమలో సెంటు కోసం తలకాయలు పగిలిన ఊళ్లున్నాయి. 4.7 సెంట్లతో మీ మామను ఊళ్లోకి పంపకండి.

భూముల రీసర్వేలో వాడే రోవర్ అనే పరికరం కూడా ఉపగ్రహాలనే చూస్తుంది. కానీ స్థిరంగా పాతిన కోర్స్ స్టేషన్ల నుంచి సవరణలు అందుకుంటూ సెంటీమీటర్లలో చెబుతుంది. దాని ధర వేరు, దాని కథ వేరు. గట్టు తగాదా ఉంటే ఎఫ్‌ఎంబీ అనే పొలం కొలతల పటం నకలు తీసుకుని సర్వేయర్‌తో కొలిపించండి. బోరు ఎక్కడుంది, పైపు లైను ఎటు పోయింది లాంటివి గుర్తు పెట్టుకోవడానికైతే చేతి జీపీఎస్ భేషుగ్గా పని చేస్తుంది.

ఇంకొకటి. అడవి కోసం సర్వే ఆఫ్ ఇండియా పాత టోపోషీటు (కొండలూ వంకలూ గీసిన పటం) వాడే అలవాటుంటే జాగ్రత్త. కడప 57జె షీట్లలో వస్తుంది, అనంతపురం 57ఎఫ్, కర్నూలు 57ఐ. పాతవన్నీ ఎవరెస్ట్ అనే పాత భూమి ఆకారం లెక్క మీద గీసినవి. జీపీఎస్‌ది డబ్ల్యూజీఎస్ 84 అనే వేరే లెక్క. ఒకదాని అంకెలు ఇంకొకదాని మీద పెడితే వంద మీటర్లకు మించి పక్కకు పోతారు. వంకకు ఇటు గట్టున ఉన్న బాట అటు గట్టున కనిపిస్తుంది. కొత్త ఓపెన్ సిరీస్ షీట్లకు ఈ బాధ లేదు.

రాళ్ల_మాస్టారు (అనంతపురం), ఉదయం 9.40

సర్వేయర్ గారు మంచి చోట కదిపారు. మన జిల్లాల్లో ఉన్న ఒక తిరకాసు చెప్తాను. మీటర్లలో స్థానం చెప్పే యూటీఎం పద్ధతిలో భూమిని ఆరేసి డిగ్రీల పట్టీలుగా కోస్తారు. 43వ పట్టీ, 44వ పట్టీ కలిసే గీత సరిగ్గా 78 డిగ్రీల రేఖాంశం. అది మన నడింట్లో నుంచి పోతుంది! అనంతపురం, గుత్తి, డోన్ 43లో ఉంటాయి. తాడిపత్రి, కర్నూలు గీత దాటీ దాటగానే 44లో. కడప, పులివెందుల కూడా 44. డోన్ నుంచి కర్నూలుకు బస్సెక్కితే మధ్యలో అంకెలు ఒక్కసారిగా లక్షల్లో మారిపోతాయి.

పరికరం దానంతట అది పట్టీ మార్చుకుంటుంది, బాధ దానితో కాదు. మనం నోట్‌బుక్‌లో అంకెలు రాసుకుని పట్టీ నంబరు రాయడం మరిచిపోతాం చూడు, అక్కడ. ఒకసారి నేను వేంపల్లె దగ్గర తీసిన శాంపిళ్లకు పట్టీ రాయలేదు. ఆఫీసులో కుర్రాడు అన్నీ 43 కింద ఎక్కించాడు. నా రాళ్లన్నీ అరేబియా సముద్రంలో తేలాయి. అక్కడ రాళ్లు ఎలా తీశారు సార్ అని మా పైఆఫీసరు చాలా మర్యాదగా అడిగాడు.

నీకు యూటీఎం అక్కర్లేదు తమ్ముడూ. డిగ్రీలు దశాంశాల్లో పెట్టుకో, ఫోన్ మ్యాపులతో కలుస్తుంది.

కొండారెడ్డి_బురుజు (కర్నూలు), మధ్యాహ్నం 1.20

మా బావమరిది వచ్చే నెల అమెరికా నుంచి వస్తున్నాడు. అక్కడ ఇన్‌రీచ్ అని ఉందంట, అడవిలో నుంచే ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపొచ్చంట. తెప్పించుకోనా? బాటసారికి కూడా ఒకటి.

నల్లమల_గాలి (ఆత్మకూరు), మధ్యాహ్నం 1.42

వద్దన్నా వద్దు! లైసెన్సు లేకుండా శాటిలైట్ ఫోన్ గానీ, ఉపగ్రహానికి మెసేజ్ పంపే పరికరం గానీ మన దేశంలో పెట్టుకోకూడదు. మన ఎయిర్‌పోర్టుల్లో ఇవి సంచిలో దొరికి విదేశీ టూరిస్టులు కేసుల్లో ఇరుక్కున్నారు. మీ బావమరిది సెలవులన్నీ పోలీస్ స్టేషన్‌లోనే గడుస్తాయి. మామూలు చేతి జీపీఎస్ వినడమే గానీ మాట్లాడదు కాబట్టి దానికి ఆ గొడవ లేదు. కొనేటప్పుడు పేరులో ఇన్‌రీచ్ లేదా ఐ అనే అక్షరం ఉందేమో చూసుకోండి. ఒకే మోడల్ రెండు రకాలుగా వస్తుంది.

నేను కొన్నేళ్లు అడవిలో పెట్రోలింగ్ టీములతో తిరిగాను. ఇప్పుడు టైగర్ రిజర్వుల్లో గస్తీ నమోదు చేసే ఎం-స్ట్రైప్స్ యాప్ ఫోన్లోనే నడుస్తుంది. అయినా సంచిలో పాత పసుపు రంగు జీపీఎస్ ఉండేది. ఎందుకంటే సెల్లు. నల్లమలలో బైర్లూటి దాటాక ఛార్జింగ్ ఎక్కడ? కానీ అంగట్లో చవగ్గా దొరికే గోడగడియారం సెల్లు వేయొద్దు, పూట కూడా రావు. ఆల్కలైన్ వేయండి, లేదా ఛార్జింగ్ సెల్లు నాలుగు కొనుక్కోండి. ఛార్జింగ్ సెల్లు 1.2 వోల్టులే ఇస్తాయి. సెట్టింగ్స్‌లో సెల్ రకం మార్చకపోతే నిండుగా ఉన్నా సగమే ఉందని చూపించి టెన్షన్ పెడుతుంది. ఇంటికి రాగానే సెల్లు బయటికి తీసేయండి. వానాకాలం అంతా లోపలే వదిలేస్తే కారిపోయి స్ప్రింగులు తినేస్తాయి.

ఇంకో సంగతి, కడపోళ్లు ముఖ్యంగా వినాలి. లంకమల, పాలకొండలు, శేషాచలం అన్నీ ఎర్రచందనం అడవులు. పర్మిషన్ కాగితం లేకుండా చేతిలో జీపీఎస్‌తో దొరికితే మీరు పిట్టలు చూడ్డానికి వచ్చామంటే ఎవరూ నమ్మరు. అందులో పాయింట్లుంటే ఇంకా నమ్మరు. కాగితం ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి.

లంకమల_బాటసారి (కడప), సాయంత్రం 6.30

గాలన్నా, ఆ మాట ముందే తెలిసుంటే... ఆ రోజు రోడ్డెక్కినాక బేస్ క్యాంపు వాళ్లు ఆపి అరగంట అడిగినారు. కాగితం ఉంది కాబట్టి సరిపోయింది.

మ్యాప్ ఉన్నది కావాలా, లేనిది చాలా అన్న దగ్గర ఆగిపోయినా. ఎస్ఈలో సెల్లు వారం వస్తాయి, 22ఎక్స్‌లో మ్యాప్ వస్తుంది.

చిత్రావతి (ధర్మవరం), రాత్రి 8.20

లంకమలకు మ్యాప్ వేసినా అందులో ఏముంటుంది తమ్ముడూ? ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి ఉచితంగా దించుకోవచ్చు, నేనూ అదే వేసుకున్నా. రోడ్లు, చెరువులు, పెద్ద వంకలు ఉంటాయి. పశువుల బాటలు ఉండవు. మనం నడిచేది వాటి మీదే. కానీ కాంటూరు గీతలు, అంటే ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, ఉన్న మ్యాప్ దొరుకుతుంది. అది వేసుకుంటే ముందు లోయ ఉందో, మెల్లగా దిగే వాలు ఉందో తెలుస్తుంది. ఎస్ఈలో బాణం నేరుగా బండి వైపు చూపిస్తుంది. మధ్యలో రెండు వందల అడుగుల గట్టు ఉన్నా అలాగే చూపిస్తుంది. నాకైతే కాంటూరు కోసమే 22ఎక్స్ అనిపిస్తుంది.

నల్లమల_గాలి (ఆత్మకూరు), రాత్రి 8.55

నేను ఎస్ఈ అంటాను. శ్రీశైలం పాదయాత్ర దారిలో నాగలూటి, పెచ్చెరువు దగ్గర చాలాసార్లు చూశాను. దారి తప్పినవాళ్లకు కావాల్సింది వచ్చిన గీత మీదే వెనక్కి పోవడం. దానికి మ్యాప్ ఎందుకు?

పెన్నఒడ్డు (జమ్మలమడుగు), రాత్రి 9.10

గండికోటలో మాత్రం ఏ గీతనూ నమ్మొద్దు. పెన్న లోయలోకి దిగితే సిగ్నల్ రాతి గోడలకు తగిలి తిరిగొస్తుంది. నా ట్రాక్ చూస్తే నేను నీళ్ల మీద నడిచి అవతలి గోడ ఎక్కి మళ్లీ దిగినట్టు ఉంది.

రాళ్ల_మాస్టారు (అనంతపురం), రాత్రి 9.25

పైకి కనపడే ఆకాశం ముక్క చిన్నదైతే అంతే. కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి, అవి కూడా నలువైపులా ఉండాలి. లోయలో అన్నీ ఒకే వరుసలో దొరుకుతాయి. బెలుం గుహల్లో జీపీఎస్ ఎందుకు రాదని ఒక పెద్దమనిషి నాతో వాదించాడు, అది వేరే కథ.

కొన్నాక రెండు పనులు చేయి. సెట్టింగ్స్‌లో వాస్ అనేది ఆన్ చేయి, జీపీఎస్ తప్పును ఉపగ్రహం ద్వారా సరిదిద్దే ఏర్పాటు అది. అమెరికా వాళ్ల పేరే గానీ, మన గగన్ కూడా దాని కిందే పని చేస్తుంది. ఉపగ్రహాల పేజీలో 40 గానీ 41 గానీ కనిపిస్తే అది మన గగనే. రెండోది, బండి దిగగానే నడక మొదలెట్టకు. కొత్త చోట ఆన్ చేసి కదలకుండా కాసేపు ఉంచు. ఒక్కో ఉపగ్రహం తన దారి వివరాలు చెప్పడానికే అర నిమిషం తీసుకుంటుంది. ఉపగ్రహాలన్నిటి పట్టిక పూర్తిగా రావాలంటే పన్నెండున్నర నిమిషాలు. ఈలోపు టీ తాగి, బండి పాయింటు పెట్టి, అప్పుడు కదులు. పరికరాన్ని ప్యాంటు జేబులో వేయొద్దు. సంచి భుజం పట్టీకి కట్టు, ఆకాశం కనపడాలి దానికి.

చిత్రావతి (ధర్మవరం), రాత్రి 9.31

కలివికోడి లాంటి అరుదైన పిట్ట కనపడితే ఆ పాయింటు ఎక్కడా పెట్టకండి, ఇక్కడ కూడా. 1986లో మళ్లీ కనపడిందాకా అది లేదనే అనుకున్నారంతా. ఫొటోలో కూడా లొకేషన్ దాగుంటుంది, తీసేసి పెట్టండి.

లంకమల_బాటసారి (కడప), మూడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 10.02

అందరికీ దండాలు. 22ఎక్స్ తీసుకున్నా, మెడలోకి దిక్సూచి కూడా. గాలన్న కోప్పడొద్దు, కాంటూరు గీతల దగ్గర అక్క గెలిచింది. ఛార్జింగ్ సెల్లు నాలుగు, సెల్ రకం మార్చినా.

మొదటి రోజే ఒక దెబ్బ తిన్నా. మిత్రుడు ఫోన్ నుంచి 14.50 అని పంపినాడు, నేను పరికరంలో 14 డిగ్రీల 50 నిమిషాలు అని కొట్టినా. సగం డిగ్రీ అంటే 30 నిమిషాలు కదా, 20 నిమిషాల తేడా. పోవాల్సిన చోటు 37 కిలోమీటర్లు ఉత్తరానికి పోయింది. ఇంట్లో కూర్చుని చూసినా కాబట్టి బతికినా. మాస్టారు చెప్పినట్టు దశాంశాలకు మార్చేసినా.

పోయిన శనివారం కాగితం తీసుకుని మళ్లీ లంకమల పోయినాం. ఎండకు స్క్రీన్ చక్కగా కనపడింది. సాయంత్రం పొద్దు వాలినాక కావాలనే నేను ముందు నడిచి, వచ్చిన గీత పట్టుకుని వెనక్కి తెచ్చినా. బండికి ఎనిమిది అడుగుల దూరంలో "చేరుకున్నారు" అని చూపించింది. పోయినసారి వచ్చిన ముగ్గురూ ఉన్నారు, ఎవరూ ఏమీ అనలేదు, నీళ్ల సీసాలు తీసి తాగినారు.

సర్వేయర్ సార్, మామకు మీ 4.7 సెంట్ల లెక్క చదివి వినిపించినా. విని, అయినా ఒకసారి తిరుగు అన్నాడు. పాస్‌బుక్‌లో 2 ఎకరాల 2 సెంట్లు. గట్టు మీద మూడుసార్లు తిరిగితే 1.95 వచ్చింది, 2.03 వచ్చింది, 2.10 వచ్చింది.

గొలుసు_సర్వేయర్ (నంద్యాల), రాత్రి 10.20

చూశారా. ఇంతకీ ఆయన ఏమన్నారు?

లంకమల_బాటసారి (కడప), రాత్రి 10.24

2.10 రాసుకున్నాడు సార్.